మెహ్లీ మెహతా, ఆయన పెట్టిన బృందాలు: శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు

శ్రీకాకుళం నుంచి ఒక వయొలిన్ విద్యార్థి మూడు సంగతులు అడిగారు. తానూ మరో పదకొండుమంది స్నేహితులూ కలిసి ఒక వాద్య బృందం పెట్టాలనుకుంటున్నారట. వారిలో ఐదుగురిది వయొలిన్, ఇద్దరిది వీణ, ఇక వేణువు, క్లారినెట్, మృదంగం, తబలా, కీబోర్డు తలా ఒకరు. ఆర్కెస్ట్రా సంచాలకుడు (కండక్టరు) జుబిన్ మెహతా కచేరీ ఒకటి వీడియోలో చూశాక, ఆయన తండ్రి మెహ్లీ మెహతా బొంబాయిలో ఒక ఆర్కెస్ట్రాను స్థాపించారని తెలిసి, ఆ తండ్రి జీవితం ఎలా సాగిందో చెప్పమన్నది మొదటి ప్రశ్న. వేదిక మీద ఒక్క స్వరం కూడా పలికించని ఆ సంచాలకుడికి అంత గౌరవం ఎందుకన్నది రెండోది. బృందం పెడితే తాను వయొలిన్ పక్కన పెట్టి అందరికీ ఎదురుగా నిలబడాలా అన్నది మూడోది.

నేను విజయనగరంలో ముప్పై ఏళ్ళకు పైగా వయొలిన్ పాఠం చెప్పాను. అందులో 19 ఏళ్ళపాటు ఒక చిన్న వాద్య బృందాన్ని కూడా నడిపాను. సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపిన అనుభవం నాకు లేదు కానీ, పదిమందిని ఒక శ్రుతిలో, ఒక కాలంలో కూర్చోబెట్టడానికి ఎంత ప్రయాస పడాలో తెలిసినవాణ్ణి కనుక, ఆ దృష్టితోనే మెహ్లీ మెహతా జీవితాన్ని చెబుతాను. ముందుగా రెండో ప్రశ్నకు జవాబు చెబితే తప్ప మొదటిది అర్థం కాదు.

తాళం వేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ళ లెక్క, ఆపైన రెండు ద్రుతాలకు దెబ్బ, విసర్జితం, మళ్ళీ దెబ్బ, విసర్జితం. అందువల్ల ఆర్కెస్ట్రా సంచాలకుడు చేతిలో పుల్ల పట్టుకుని తాళం వేస్తున్నాడని మనం అనుకుంటాము. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. మన తాళం జరుగుతున్న కాలాన్ని లెక్కపెడుతుంది, దెబ్బ పడిన క్షణమే అక్షరం. సంచాలకుడి చేతిలో అసలు సమాచారం దెబ్బలో ఉండదు, దానికి ముందు చేయి పైకి లేచే కదలికలో ఉంటుంది. క్లారినెట్ వాయించేవాడు ఊపిరి తీసుకోవాలి, వయొలిన్ వాయించేవాడు కమానును తీగ మీదికి తేవాలి, మృదంగం మీద చేయి లేవాలి. ఈ పనులన్నీ స్వరం పలకడానికి ముందే జరగాలి కాబట్టి, రాబోయే స్వరం ఎంత వేగంతో, ఎంత బలంతో, గట్టిగా తగలాలా మెత్తగా జారాలా అన్నది ఆ లేచే చేయే చెప్పాలి. ఆ కదలిక తడబడితే కిందికి ఎంత స్పష్టంగా దెబ్బ వేసినా, పద్నాలుగుమంది పద్నాలుగు చోట్ల మొదలుపెడతారు.

సంచాలకుడి ముందున్న పుస్తకం సంగతి కూడా తెలియాలి. ఆర్కెస్ట్రాలో ప్రతి వాద్యకారుడి ముందూ తన వాద్యం వాయించవలసినంత మేరకే రాసిన కాగితం ఉంటుంది. ట్రంపెట్ వాయించేవాడికి ఒక్కొక్కసారి నిమిషాల తరబడి ఏ పనీ ఉండదు, లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. అందరి భాగాలూ ఒకే పేజీలో పైనుంచి కిందికి వరసగా కనిపించేది సంచాలకుడి ఒక్కడికే. అందుకే ఆయన తప్ప మరెవరూ మొత్తాన్ని చూడలేరు, చాలా సందర్భాలలో వినలేరు కూడా. ఇత్తడి వాద్యాల ముందు కూర్చున్నవాడికి ఎదుటి వయొలిన్ వినపడదు.

ఈ పదవి మొదటి నుంచీ ఇంత నాజూకుగా లేదు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఆస్థానంలో సంగీతం నడిపిన జాన్ బాప్తిస్త్ లుల్లీ పొడవాటి కర్రతో నేలమీద కొడుతూ కాలం చూపేవాడు. 1687లో, రాజు జబ్బునుంచి కోలుకున్న సందర్భంగా జరిగిన కచేరీలో ఆ కర్ర తన కాలికే తగిలి, పుండు కుళ్ళి, అదే ఏడాది మార్చిలో చనిపోయాడు. మా విద్యార్థులకు ఈ సంగతి చెప్పినప్పుడల్లా నవ్వేవారు. చేతిలో కర్ర ఉన్నవాడికి ముందు దెబ్బ తగిలేది తనకే అన్నది మాత్రం వాళ్ళు బాగా గుర్తుపెట్టుకున్నారు.

ఇక మెహ్లీ మెహతా. ఆయన 1908 సెప్టెంబరు 25న బొంబాయిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. పాశ్చాత్య వయొలిన్ నేర్చుకున్నారు, 1929లో లండన్ ట్రినిటీ కాలేజీ వారి పరీక్ష నెగ్గారు. ఆ రోజుల్లో బొంబాయిలో పాశ్చాత్య సంగీతం వినేవారు ఉండేవారు కానీ, దానికి స్థిరమైన బృందం లేదు. 1935లో ఆయన బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. అప్పటికి ఆయన వయసు 27.

మీరు గమనించవలసిన విషయం ఇక్కడే ఉంది. తాను పెట్టిన బృందానికి తాను ఎదురుగా నిలబడలేదు. మొదటి పదేళ్ళూ మొదటి వయొలిన్ల వరసలో ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడిని కాన్సర్ట్‌మాస్టర్ అంటారు. సంచాలకుడు కోరినదాన్ని కమాను భాషలోకి మార్చి తన వెనకవాళ్ళకు అందించేది అతడే. కమాను పైకి వెళ్ళాలా కిందికి రావాలా, తీగ మీద ఎక్కడ ఆనాలి, ఎంత పొడవు వాడాలి అన్నది అతడు నిర్ణయిస్తే మిగతావారు అనుసరిస్తారు. పదేళ్ళు ఆ పని చేసి, ఆ తరువాతే సంచాలకుడిగా నిలబడ్డారు. బృందం పెట్టినది తానే కనుక మొదటి రోజే బెత్తం పట్టుకునే హక్కు ఆయనకు ఉంది. ఆ హక్కు పదేళ్ళు వాడుకోకపోవడమే నా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలో అన్నిటికంటే తెలివైన పని. వెనక వరసలో ఉన్న మనిషి ఏ చోట తడబడతాడో, ఏ పేజీ తిప్పేటప్పుడు ఒక స్వరం పోతుందో, ఎదురుగా నిలబడినవాడికంటే పక్కన కూర్చున్నవాడికి ముందు తెలుస్తుంది.

ఆ బృందంలో ఎవరెవరు ఉండేవారో తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుంది. పార్సీలు, గోవా క్రైస్తవులు, నగరంలో ఉన్న యూరోపియన్లు, ఊదే వాద్యాలకు నౌకాదళం బ్యాండువాళ్ళు. వీళ్ళలో చాలామందికి బతుకుతెరువు వేరే ఉంది. వేర్వేరు పనులు ముగించుకుని వచ్చిన మనుషులను సాయంత్రం పూట ఒకచోట చేర్చి, బీథోవెన్‌ను వాయించగలిగే స్థితికి తేవడం ఎలాంటిదో ఊహించండి. 1940లో ఆయన బొంబాయి స్ట్రింగ్ క్వార్టెట్ కూడా పెట్టారు. రెండు వయొలిన్లు, వాటి జాతివే అయినా వాటికంటే పెద్దవైన వియోలా ఒకటి, చెల్లో ఒకటి, అంతే. నలుగురు ఎదురుబొదురుగా కూర్చుని, సంచాలకుడు లేకుండా, ఒకరి ఊపిరి ఒకరు విని వాయించే పద్ధతి అది. ఇల్లంతా ఆ సాధనల మధ్యే ఉండేది కనుక 1936లో పుట్టిన పెద్దకొడుకు జుబిన్‌కు అదే బడి అయింది. తండ్రి అతడి చేత ముందు విడివిడి వాద్యాల సాధనలు నడిపించారు. పదహారేళ్ళు వచ్చేసరికి సాధనల్లో పూర్తి ఆర్కెస్ట్రాను నడిపించే అవకాశం ఇచ్చారు. జుబిన్ వైద్యవిద్య వైపు కొంతదూరం వెళ్ళి, దానిని వదిలిపెట్టి, 1954లో వియన్నా వెళ్ళి హాన్స్ స్వారోవ్‌స్కీ దగ్గర సంచాలకత్వం నేర్చుకున్నాడు. అక్కడ అతడు డబుల్ బాస్ కూడా నేర్చుకున్నాడు. ఆర్కెస్ట్రా తీగ వాద్యాలలో అన్నిటికన్నా వెనక, అన్నిటికన్నా మంద్రంగా మోగే వాద్యం అది. తండ్రి ముందు కుర్చీలో నేర్చుకున్నది కొడుకు వెనక కుర్చీలో నేర్చుకున్నాడని నేను సరదాగా అంటుంటాను.

1945లో, తన బృందం ఒక దారిన పడ్డాక, 37 ఏళ్ళ వయసులో మెహ్లీ మెహతా మళ్ళీ శిష్యుడయ్యారు. భార్యాబిడ్డలను బొంబాయిలో ఉంచి న్యూయార్కు వెళ్ళి, ఇవాన్ గలామియన్ దగ్గర కొన్నేళ్ళు వయొలిన్ నేర్చుకున్నారు. ఆ తరం వయొలిన్ గురువులలో గలామియన్‌ది పెద్ద పేరు. ఊళ్ళో నలుగురూ గురువుగారూ అని పిలుస్తున్న మనిషి మరొకరి ముందు కూర్చుని కమాను పట్టుకునే తీరు మొదటి నుంచి దిద్దించుకోవడానికి ఎంత మనసు కావాలో, పాఠం చెప్పినవాళ్ళకు తెలుస్తుంది. నాకు నలభై దాటాక ఆ అవసరం కనపడింది కానీ నేను వెళ్ళలేదు. కుటుంబం కారణమని చెప్పుకున్నాను.

1952లో ప్రఖ్యాత పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ నెహ్రూ ఆహ్వానం మీద మన దేశానికి వచ్చి, సహాయ నిధి కోసం కచేరీలు చేశారు. బొంబాయిలో మెహ్లీ మెహతా బృందంతో కలిసి వాయించారు. మన ప్రాంతంవాళ్ళం గర్వంగా చెప్పుకునే సంగతి కూడా ఆ పర్యటనలోదే. మద్రాసులో న్యాయమూర్తి పి.వి.రాజమన్నార్ ఇంట్లో ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని మెనుహిన్ ముగ్ధుడయ్యారు. నాయుడుగారు 1919లో మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి విజయనగరం వచ్చి, ఆచార్యుడిగా నియమితులయ్యారు. 1936 నుంచి అధ్యక్షులుగా ఉన్నారు. ఒకే ఏడాది, ఒకే మనిషి చెవిలో, బొంబాయి వయొలిన్లూ విజయనగరం వయొలినూ పడ్డాయి. ఈ రెండిటి తేడా మీ బృందానికి నేరుగా సంబంధించినది కాబట్టి ఆ సంగతికి కిందికి వస్తాను.

మధ్య సంవత్సరాలు త్వరగా చెప్పేస్తాను. 1955లో మెహ్లీ మెహతా ఇంగ్లండు వెళ్ళి మాంచెస్టరులోని హాలె ఆర్కెస్ట్రాలో సంచాలకుడు జాన్ బార్బిరోలీ కింద సహాయ కాన్సర్ట్‌మాస్టరుగా చేరారు. బొంబాయిలో సంచాలకుడైన మనిషి అక్కడ మళ్ళీ వరసలో కూర్చున్నారు. 1959లో అమెరికాలోని ఫిలడెల్ఫియా వెళ్ళి కర్టిస్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో రెండో వయొలిన్ వాయించారు. రెండో వయొలిన్ అంటే రెండోరకం వయొలిన్ కాదు. మొదటి వయొలిన్ పాడుతుంటే దాని కింద నడకను పట్టి ఉంచే పని. ఆ పని సరిగా జరిగినప్పుడు దానిని ఎవరూ గమనించరు.

1964లో, 56 ఏళ్ళ వయసులో, లాస్ ఏంజెలిస్ చేరారు. అప్పటికే జుబిన్ అక్కడి ఫిల్హార్మొనిక్ ఆర్కెస్ట్రాకు సంచాలకుడు. మరో తండ్రి అయితే కొడుకు నీడలో విశ్రాంతి తీసుకునేవాడు. ఈయన విశ్వవిద్యాలయంలో ఆర్కెస్ట్రా విభాగాన్ని చేపట్టి 1976 దాకా నడిపారు, అదే 1964లో అమెరికన్ యూత్ సింఫనీ అనే కొత్త బృందాన్ని పెట్టారు. వృత్తి ఆర్కెస్ట్రాలో ఇంకా కుర్చీ దొరకని వయసులో ఉన్న యువ వాద్యకారుల కోసం అది. వృత్తిలో కుర్చీ కావాలంటే పెద్ద రచనలు వాయించిన అనుభవం కావాలి, ఆ అనుభవం రావాలంటే కుర్చీ కావాలి. ఈ చిక్కుముడిని విప్పడానికే ఆ బృందం పుట్టింది. వారి కచేరీలకు జనం ఉచితంగా వచ్చేవారు. ఆయన 1998 దాకా, అంటే తొంభై ఏళ్ళు దగ్గరపడేదాకా, దానిని నడిపి, 2002 అక్టోబరు 19న కన్నుమూశారు. అక్కడ తర్ఫీదు పొందినవాళ్ళు ఏటేటా బయటికి వెళ్ళిపోతూనే ఉండేవారు, వెళ్ళడమే ఆ బృందం ఉద్దేశం. అంటే ప్రతి ఏడాదీ కొత్తవాళ్ళతో మళ్ళీ మొదటినుంచి. ముప్పై ఏళ్ళకు పైగా ఒకే మనిషి ఆ మొదటి పాఠాన్ని విసుగులేకుండా చెప్పాడన్నది నాకు ఆయన కచేరీలన్నిటికంటే పెద్దగా కనిపిస్తుంది. ఆ బృందం ఆయన తరువాత కూడా సాగి, డబ్బు ఇబ్బందులతో 2024లో ఆగిపోయింది. బొంబాయిలో ఆయన పేరుతో 1995లో ఏర్పడిన సంగీత సంస్థ పిల్లలకు పాఠాలు చెబుతోంది.

మన పద్ధతిలో వాద్య బృందం పెట్టినవారు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందం ఏర్పడినప్పుడు రవిశంకర్, టి.కె.జయరామ అయ్యర్ దానిని నడిపారు. ఆ తరువాత మన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు చాలాకాలం దానికి సంగీతం కూర్చి సంచాలకత్వం వహించారు. శాస్త్రిగారు అంతకుముందు మద్రాసు జెమినీ స్టూడియోలో, సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారితో కలిసి పనిచేశారు. సినిమా స్టూడియోలే ఆ తరానికి ఆర్కెస్ట్రా పాఠశాలలు. ఏ వాద్యం పక్కన ఏది నిలుస్తుంది, ఏది ఏ వాద్యాన్ని మింగేస్తుంది అన్నది వాళ్ళు అక్కడ చెవితో నేర్చుకున్నారు.

ఇప్పుడు నేను చెబుతానన్న తేడా. సింఫనీలో ఇరవై వయొలిన్లు ఒకే స్వరాన్ని ఒకే చోట పట్టుకుని నిలబెడతాయి. మనకు స్వరం నిలబడదు, ఊగుతుంది, జారుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది. నేను బృందం పెట్టిన తొలివారం, అయ్యకోనేరు దగ్గర ఒక పాత ఇంటి వసారాలో, ఆరుగురు వయొలిన్ విద్యార్థులకు అందరికీ కంఠతా వచ్చిన మోహన వర్ణాన్ని ఇచ్చాను. ఒక్కొక్కరూ విడిగా చక్కగా వాయించారు. ఆరుగురూ కలిసి వాయిస్తే తేనెటీగల తుట్టె కదిలినట్టు ఉంది. ఆరుగురు గురువుల గమకాలు అందులో ఉన్నాయి. గాంధారం మీదికి ఒకరు రిషభం నుంచి జారుతున్నారు, ఒకరు నేరుగా దిగుతున్నారు, ఒకరు వేలు మార్చి ఊపుతున్నారు. ఆ రోజు నుంచి మూడు నెలలు మేము చేసిన పని ఒక్కటే. ఏ స్వరానికి ఏ వేలు, జారు ఎక్కడ మొదలై ఎన్ని అక్షరాలకు ముగియాలి, కమాను పైకా కిందికా అన్నది ప్రతి కాగితం మీదా పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడం. పాశ్చాత్య బృందాల్లో అందరికీ ఒకేలా ఉండవలసినవి ముఖ్యంగా కమాను గుర్తులు, మనం వేలి గుర్తులు కూడా అందరికీ ఒకేలా పెట్టుకోవాలి. పని రెట్టింపు.

శ్రుతి విషయం నాకు ఒక రాత్రి బాగా బోధపడింది. వైశాఖమాసంలో ఒక ఉత్సవంలో ఆరుబయట వేదిక మీద మా బృందానికి నలభై నిమిషాలు ఇస్తామన్నారు. మేము పక్కగదిలో, పంకా కింద, జాగ్రత్తగా శ్రుతి చేసుకున్నాము. అక్కడి నిర్వాహకులు ఒకదాని తరువాత ఒకటి ఉపన్యాసాలు పెట్టి, రాత్రి పదిన్నరకు మమ్మల్ని వేదిక ఎక్కించి, పన్నెండు నిమిషాల్లో దిగిపొమ్మన్నారు. మళ్ళీ శ్రుతి చేసుకునే వ్యవధి ఇవ్వలేదు. పెద్ద దీపాల వేడికి వయొలిన్ తీగలు సడలి శ్రుతి దిగింది. అదే వేడికి క్లారినెట్‌లో గాలి వేడెక్కి దాని శ్రుతి పైకెక్కింది. వీణలకైతే మెట్లు నిలబెట్టే మైనమే మెత్తబడింది. అవి బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసదుంగలోంచి చెక్కించిన మంచి ఏకాండి వీణలు, వాటి తప్పేమీ లేదు. మొదటి పల్లవికే చెవిలో ఇసుక పోసినట్టు అయింది. నేను చేయి ఊపుతూనే ఉన్నాను, చేతితో సరిచేయగలిగినది అక్కడ ఏమీ లేదు. దిగి వచ్చాక మా క్లారినెట్ ఆయన, పెళ్ళి బ్యాండులో నలభై ఏళ్ళు వాయించిన మనిషి, ఒకటే మాట అన్నాడు: "మాస్టారూ, ముందు నన్ను ఊదనిచ్చి, నా ఎనకాల మీరు కలుపుకోవాల. నాను దిగనేను, మీరు ఎక్కగలరు."

ఆయన చెప్పినది సింఫనీ బృందాలు సాధారణంగా పాటించే సూత్రమే. అక్కడ మామూలుగా కచేరీకి ముందు ఓబో అనే ఊదే వాద్యం ఒక స్వరం ఇస్తుంది, తీగ వాద్యాలన్నీ దానికి కలుపుకుంటాయి. క్లారినెట్‌ను మూతి కింది ముక్క కొంచెం బయటికి లాగి కాస్త తగ్గించవచ్చు, అంతకుమించి కుదరదు. అందుచేత ఆ రోజు తరువాత మేము వేదిక మీదే, దీపాలు వెలిగాక, ఆయన ఐదు నిమిషాలు ఊది వాద్యం వేడెక్కాక, ఆయన షడ్జానికే కలుపుకున్నాము. అందుకు సమయం ఇవ్వనన్నవారి వేదిక ఎక్కలేదు.

బొంబాయిలో నౌకాదళం బ్యాండు ఏ పని చేసిందో మాకు విజయనగరం పెళ్ళి బ్యాండ్లు ఆ పని చేశాయి. వాళ్ళకు స్వరలిపి చదవడం రాదు, కానీ రెండుసార్లు వింటే మూడోసారి వాయిస్తారు. చిక్కల్లా ముహూర్తాల దగ్గరే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే సాధనకు మనిషి దొరకడు. "ఈ వారం ఆరు పెళ్ళిళ్ళున్నాయి మాస్టారూ, నానేటి సేసీది?" అంటే నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఆయన ఇంటిల్లిపాదీ బతికేది దాని మీదే. చివరికి నేను పంచాంగం చూసి సాధనలు పెట్టడం నేర్చుకున్నాను. గురు మూఢమి, శుక్ర మూఢమి, ఆషాఢం, పుష్యం మాకు పండగ రోజులు. ఊళ్ళో అందరూ మూఢం ఎప్పుడు పోతుందా అని చూస్తుంటే మేము ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసేవాళ్ళము. 19 ఏళ్ళలో నేను చేతితో చేసిన సంచాలకత్వం మొత్తం కలిపితే కొన్ని వందల గంటలు ఉంటుందేమో. మిగతాదంతా ఇదే: ఎవరికి ఏ రోజు కుదురుతుంది, ఎవరి పిల్లకు పరీక్షలు, ఎవరి తీగ తెగింది, ఎవరికి బస్సు చార్జీ ఇవ్వాలి, నెల్లిమర్ల నుంచి వచ్చే అమ్మాయిని చీకటి పడకముందే ఎవరు దిగబెడతారు. మెహ్లీ మెహతా జీవితం చదివినప్పుడు ఈ భాగం ఎక్కడా విపులంగా కనిపించదు, కానీ ఇరవై ఏళ్ళు నౌకాదళం బ్యాండుతో, ఉద్యోగస్థులతో ఒక సింఫనీని నిలబెట్టారంటే ఆయన రోజులు ఎక్కువగా ఎలా గడిచి ఉంటాయో నాకు తెలుసు.

మీ మూడో ప్రశ్నకు నా జవాబు: నిలబడకండి. పన్నెండుమందికి ఎదురుగా మనిషి అవసరం లేదు. మన శ్రీకాకుళం తప్పెటగుళ్ళు చూసే ఉంటారు. నాయకుడు వలయంలోనే ఆడుతూ, తన గొంతుతో, తన అడుగుతో మిగతావాళ్ళను మారుస్తాడు. మీరు ఐదు వయొలిన్లలో మొదటి కుర్చీలో కూర్చుని, కమాను ఎత్తే తీరుతో, తల ఊపుతో మొదలు చూపండి. పాట మధ్యలో కాలం మారే రచనలు ఎత్తుకున్నప్పుడు, లేదా మనుషులు ఇరవై దాటినప్పుడు, అప్పుడు లేచి నిలబడే సంగతి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా వయొలిన్ మానకండి. రోజూ గంట సాధన తప్పినవాడి చేతిని కమాను పట్టినవాళ్ళు ఎక్కువకాలం నమ్మరు.

మొదటి రచనగా వర్ణం ఎత్తుకుని నేను చేసిన తప్పు చేయకండి. ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలతో మొదలుపెట్టండి. ఈస్టిండియా కంపెనీ బ్యాండ్లు వాయించిన బాణీలను విని, శంకరాభరణ స్వరాలలో ఆయన సంస్కృత సాహిత్యం కూర్చినవి అవి. ముప్పైకి పైగా ఉన్నాయి. గమకం లేదు, స్వరం నిలబడుతుంది, నడక సూటిగా ఉంటుంది, బ్యాండు క్లారినెట్ ఆయనకు అరగంటలో వచ్చేస్తాయి. పుట్టుకలోనే బృందం కోసం పుట్టిన బాణీలు. వాటిలో నాలుగు కుదిరాక ఒక జతిస్వరం, ఆ తరువాతే గమకం ఉన్న కృతి.

వీణలను మధ్యలో ముందుకు కూర్చోబెట్టి, మైకు వాటి దగ్గరే పెట్టండి. మిగతావారికి విడివిడి మైకులు అడగకండి, అడిగితే బృందం శబ్దం మీ చేతిలోంచి మైకువాడి చేతిలోకి పోతుంది. కీబోర్డు అబ్బాయి నొచ్చుకోకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఆ వాద్యం తలచుకుంటే మిగతా పదకొండుమందినీ కప్పేయగలదు, దాని స్వరస్థానాలు మీ వయొలిన్ గాంధారంతో కలవవు. అతడికి కింది స్థాయిలో షడ్జ పంచమాలు మాత్రమే ఇవ్వండి, అది సింఫనీలో డబుల్ బాస్ చేసే పని అని చెప్పండి. తబలా, మృదంగం ఒకే రచనలో రెండూ మొత్తం వాయించనవసరం లేదు. వేణువు వాయించే వారి దగ్గర మీరు పెట్టుకున్న శ్రుతికి సరిపోయే వేణువు ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే ఇప్పుడే తెప్పించండి. క్లారినెట్ ఆయన ఏ శ్రుతిలో హాయిగా ఊదగలరో అడిగి, దానినే బృందం శ్రుతిగా స్థిరపరచండి. సాధన ఏ వారం పెట్టాలన్నది కూడా ఆయననే అడగండి, అడిగేముందు పంచాంగంలో వచ్చే మూఢమి ఎప్పుడో చూసుకుని వెళ్ళండి.